సన్యాసిరావు గారి నమస్కారాలు

కసరత్తులమ్మ

మధురవాడ వైపు వెళ్తే ఇప్పుడు సందుకో ఫిజియోథెరపీ క్లినిక్కు కనిపిస్తోంది. అద్దాల తలుపులు, ఏసీ, గోడ మీద కండరాల బొమ్మలు. మా చెల్లెలి మనవరాలు ఈ ఏడు ఆ చదువులోనే చేరింది. "అమ్మమ్మా, నువ్వు ఇన్నేళ్లు ఏం చేశావో రాసిపెట్టు, నాకు పనికొస్తుంది" అంది. దానికి పనికొస్తుందో లేదో తెలీదు కానీ, రాస్తున్నాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఆపారు అన్న గొడవలు ఇందులో ఉండవు. అవి తలుచుకుంటే నాకే బీపీ పెరుగుతుంది.

డెబ్బైల్లో నేను ఉద్యోగంలో చేరేనాటికి విశాఖపట్నంలో మా పని పేరు పలకగలిగినవాళ్లు తక్కువ. ఆస్పత్రిలో మాది వరండా చివరి గది. ఒక ఎర్ర దీపం, మైనం కాచే తొట్టి, గోడకి కప్పీ, తాడు, నడక నేర్పడానికి రెండు ఇనప కమ్మీలు. సరంజామా అంతా అదే. వచ్చినవాళ్లు ఇంజెక్షన్ ఇవ్వమనేవారు, లేదా కరెంటు పెట్టమనేవారు. చెయ్యి ఎత్తండి, దించండి అంటే నన్ను ఎగాదిగా చూసేవారు. ఇదేం వైద్యం, ఇది మా ఇంట్లో మేం చేసుకోలేమా అన్నట్టుండేది ఆ చూపు. వార్డులో నన్ను కసరత్తులమ్మ అనేవారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయి, ఎవరైనా నా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం మానేశాను.

మా నాన్నగారు పోర్టు ఉద్యోగానికని భీమవరం దగ్గర పల్లె నుంచి మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. కాబట్టి ఈ ఊరి మాట నాకు చిన్నప్పటినుంచీ చెవిన పడిందే. పనిలో అది నాకు చదువుకంటే ఎక్కువ అక్కరకొచ్చింది.

మా పెద్ద డాక్టరుగారు

ఆయనకి కోపం ఎక్కువ. ఫైళ్లు విసిరేసేవారు. కానీ ఒక విషయంలో ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కేసు షీటులో "రోగి సహకరించడం లేదు" అన్న మాట కనిపిస్తే ఆ కాగితం చింపేసేవారు. "ఎందుకు సహకరించడం లేదో కనుక్కుని అది రాయి. కనుక్కోలేకపోతే నాకు చేతకాలేదు అని రాయి" అనేవారు.

చేరిన కొత్తలో పోర్టు క్రేన్ డ్రైవరు ఒకాయన పక్షవాతంతో వచ్చాడు. కుడివైపు పడిపోయింది. పుస్తకంలో ఉన్న ప్రకారం, బాగున్న ఎడమ చేత్తో అన్నం తినడం నేర్పబోయాను. మూడు పూటలు కంచం తిరిగి వెళ్లిపోయింది. నాలుగో పూట నేను కేకలేస్తే ఆ మనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పదిమంది ముందు ఎడమ చేత్తో ముద్ద నోట పెట్టుకోవడం ఆయనవల్ల కాలేదు. తెర కట్టిస్తే తిన్నాడు. ఇది నాకు తట్టడానికి రెండు రోజులు పట్టింది, అదీ పెద్ద డాక్టరుగారు ఫైలు విసిరాక. ఇంత జరిగినా, కొన్నేళ్ల తర్వాత సన్యాసిరావు గారి దగ్గర మళ్లీ అదే తప్పు చేశాను.

అభిమానులు

సన్యాసిరావు గారు పోర్టులో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. కథలు రాసేవారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఖలాసీలు, వాళ్ల ఆడవాళ్లు, జీతాల రోజున గేటు దగ్గర జరిగే గొడవలు, అన్నీ ఇక్కడి మాటలోనే రాసేవారు. ఊళ్లో ఆయన కథలు చదవనివాళ్లకి కూడా ఆయన పేరు తెలుసు. డెబ్బైల చివర్లో ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ పడిపోయారు. తెచ్చేసరికి మూతి వంకర పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట ముద్దముద్దగా వచ్చేది కానీ, తెలివికి ఏ లోటూ లేదు.

కబురు పత్రికలో పడ్డ మర్నాటినుంచి జనం. బత్తాయిలు, హార్లిక్సు సీసాలు, కొబ్బరిబొండాలు. మంచం కింద కాలు పెట్టే చోటు లేకుండాపోయింది. అందరూ ప్రేమతోనే వచ్చారు. ప్రేమతోనే ఒకాయన "లేవండి మాస్టారూ, మీకేం కాదు" అంటూ ఆ పడిపోయిన కుడి చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. సన్యాసిరావు గారు పెట్టిన కేక వరండా చివర మా గదిలోకి వినిపించింది.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి ఒక్క మాట చెప్తాను. పక్షవాతం వచ్చిన చేతిని ఎవరినీ లాగనివ్వకండి. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు పని మానేస్తాయి, లాగితే కీలు జారిపోతుంది. ఆ నొప్పికి భయపడి రోగి చెయ్యి కదపడు, కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది, ఇక ఆ చెయ్యి ఎందుకూ పనికిరాదు.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. అట్టముక్క తెప్పించి "సందర్శకులకు ప్రవేశం లేదు" అని ఎర్ర సిరాతో రాసి తలుపుకి కట్టేశాను. పరామర్శ ఉత్తరాలు వస్తుంటే, చదివి ఉద్రేకపడతారని అవి కూడా ఇవ్వొద్దన్నాను. వార్డు సిస్టరు వాటిని ఒక దిండు గలేబులో వేసి బీరువాలో పెట్టింది. మంచి పని చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను.

గోడవైపు తిరిగిన మనిషి

తర్వాతి రెండు వారాలు నా ఉద్యోగంలో నేను మరిచిపోవాలనుకునే రోజులు. సన్యాసిరావు గారు గోడవైపు తిరిగి పడుకునేవారు. చెయ్యవలసిన వ్యాయామం చాలా చిన్నది. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, రెండూ కలిపి ఛాతీ ఎదుటికి ఎత్తాలి, దించాలి. రోజుకి ముప్పై నలభై సార్లు చేస్తే భుజం బిగుసుకోదు, మెదడు కూడా ఆ చేతిని మరిచిపోదు. నేను బతిమాలాను, మందలించాను, బెదిరించాను. ఆయన కళ్లు మూసుకునేవారు. నేనే ఎత్తబోతే నొప్పికి పళ్లు బిగబట్టేవారు.

ఆయన భార్య పైడమ్మ గారు పెద్దగా మాట్లాడని మనిషి. "ఆయన సెయ్యరమ్మా. ఒగ్గీయండి" అనేది. ఆవిడ కూడా ఆశ వదిలేసిందనుకున్నాను. భుజం అప్పటికే సగం బిగిసింది. ఇంకో వారంలో కదలిక రాకపోతే ఇంటికి పంపేద్దామన్నారు పెద్ద డాక్టరుగారు. ఇంటికి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ గోడ బదులు ఇంట్లో గోడ, మంచం మీంచి లేవకుండానే ఏడాదో రెండేళ్లో.

ఆ రోజు కేసు షీటులో "రోగి సహకరించడం లేదు" అని రాసేశాను. అది డాక్టరుగారి కంట పడకుండా అడుగున పెట్టాను.

ఎర్రయ్య

మర్నాడు ఉదయం పదింటికి వార్డులోకి వెళ్తే, బోర్డుని దాటుకుని ఒక ముసలాయన లోపల నిలబడి ఉన్నాడు. నిక్కరు, భుజం మీద తువ్వాలు, మోకాళ్ల దాకా దుమ్ము. ఎర్రయ్య అని, పోర్టులో ఖలాసీగా చేసినవాడు. దువ్వాడ అవతల వాళ్ల ఊరి నుంచి సగం దూరం నడిచొచ్చాడట. బోర్డు చూడలేదా అని అడగబోయాను. చూసినా ఆయనకి చదువు రాదని అప్పుడు తట్టింది.

రెండు చేతులూ జోడించి అలా నిలబడిపోయాడు. సన్యాసిరావు గారు గోడవైపు తిరిగే ఉన్నారు.

"టైంకీపరు బాబూ, ఇటు సూడు" అన్నాడు ఎర్రయ్య. "పోర్టు గేటు కాడ ఇరవయ్యేళ్లు నీకు దండవెట్టినాను. మిగతా బాబులు తలకాయి ఊపీసి ఊరుకునీవోరు. నువ్వొక్కడివే పెన్ను కింద పెట్టి మరీ రెండు సేతులా దండవెట్టీవోడివి. ఇయ్యాల పెట్టకపోతే నాను సేతులు దించను. ఎంతసేపయినా ఇలగే ఉంటాను."

లోపలికి వెళ్లబోతున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక నిమిషం గడిచింది. రెండు. ముసలాయన చేతులు వణుకుతున్నాయి కానీ దించలేదు.

"కతలో నన్ను సంపీసినావు కదేటి" అన్నాడు మళ్లీ. "మా అల్లుడు సదివి సెప్పినాడు. ఎర్రయ్య గోనిబస్తాల కింద పడి సచ్చిపోనాడని రాసినావట. నాను బతికే ఉన్నాను బాబూ. నన్ను సంపీసి నువ్వు పడుకుంటే ఎలగ?"

సన్యాసిరావు గారి వీపు కదిలింది. ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వుతున్నారు. మెల్లిగా ఇటు తిరిగారు. దుప్పటి కింద ఎడమ చెయ్యి పాకుతూ వెళ్లి కుడి మణికట్టు పట్టుకుంది. పళ్లు బిగబట్టారు. రెండు చేతులూ దుప్పటిలోంచి పైకి వచ్చాయి, పొట్ట దాటాయి, ఛాతీ ఎదుట వంకరగా కలిశాయి.

పదిహేను రోజులుగా నేను కాళ్లావేళ్లా పడినా జరగనిది అది.

ఎర్రయ్య వెళ్లాక పైడమ్మ గారిని వరండాలోకి పిలిచి అడిగాను. ఆవిడ చెప్పింది: "వచ్చినోలందరూ దండవెట్టీవోరు కదమ్మా. తిరిగి పెట్టడానికి ఆయనికి ఒక సెయ్యే ఉన్నాది. అదీ ఎడం సెయ్యి. ఎడం సేత్తో దండవెడితే అవతలోడిని తిట్టినట్టే అనీసి మొదటి రోజే ఏడిసినారు. మీరు బోర్డెట్టినారు. ఇంక ఎవులూ రారు, బాగున్నాది అనీసి గోడకేసి తిరిగిపోనారు."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"మీరు అడగలేదు" అందావిడ.

వెళ్లి ఆ కేసు షీటు నేనే చింపేశాను. బోర్డు కూడా.

వరస కట్టిన జనం

ఆ మధ్యాహ్నమే వార్డు సిస్టరుతో నాకు పెద్ద పోట్లాట. నిన్నటిదాకా ఒక్కరినీ రానివ్వని నువ్వు ఇవాళ అందరినీ రమ్మంటావేంటని ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చివరికి పెద్ద డాక్టరుగారు ఉదయం రెండు గంటలు ఒప్పుకున్నారు.

వచ్చినవాళ్లని వరండాలో నిలబెట్టి చెప్పేదాన్ని. ఒక్కొక్కరే వెళ్లండి. ఆయన కుడివైపే నిలబడండి. చెయ్యి ముట్టుకోకండి. అయ్యో పాపం అనకండి. చక్కగా నమస్కారం పెట్టి, ఆయన తిరిగి పెట్టేదాకా చేతులు దించకండి. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఒక సాహిత్య సంఘం అధ్యక్షుడుగారు రెండు పేజీల అభినందన రాసుకొచ్చారు. అది చదవొద్దు, నమస్కారం చాలు అంటే ఆయన మొహం చూడాలి. కానీ, చెప్పినట్టే చేశారు. బయటికొచ్చి కళ్లు తుడుచుకుని, "ఏమిటమ్మా ఇది, ఆయన నాకు నమస్కారం పెట్టడానికి అంత కష్టపడ్డారు" అన్నారు.

మొదటి రోజు ఏడు నమస్కారాలు. మూడో రోజు పదకొండు. ఆరో రోజుకి ఇరవై దాటాయి. భుజం వదులవుతోంది. మోచెయ్యి కాస్త నిటారుగా వస్తోంది. ఇంటికి పంపే మాట డాక్టరుగారు ఇంకో రెండు వారాలు వాయిదా వేశారు. నేను రాత్రి నిశ్చింతగా నిద్రపోవడం మొదలుపెట్టాను.

పట్టుబడ్డాను

రెండో వారం మధ్యలో జనం పలచబడ్డారు. ఎవరి పనులు వాళ్లవి. ఒక రోజు నలుగురే వచ్చారు. చెయ్యి ఎత్తడం ఇలా తగ్గిపోతే భుజం మళ్లీ బిగుసుకుంటుందని నాకు కంగారు. పక్క వార్డులో రోగుల బంధువులు ఖాళీగా కూర్చుని ఉంటారు కదా. వాళ్లని బతిమాలి, ఆయన అభిమానులమని చెప్పి నమస్కారం పెట్టి రండి అని పంపాను. రెండు రోజులు సాగింది.

మూడో రోజు ఒకతన్ని, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట కూలీల మేస్త్రీని, లోపలికి పంపాను. సన్యాసిరావు గారు నమస్కారం పెట్టాక ఊరుకోలేదు.

"నా కతల్లో ఏది సదివినావు బాబూ?" అని అడిగారు.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "నాను కతలు సదవనండి. మా మామకి కాలిరిగితే పక్క వార్డులో ఉన్నాం. కసరత్తులమ్మ గారు వెల్లమన్నారు" అన్నాడు.

నేను లోపలికి వెళ్లేసరికి ఆయన మళ్లీ గోడవైపు తిరిగి ఉన్నారు.

"సన్యాసిరావు గారూ" అన్నాను.

"ఎర్రయ్యని కూడా నువ్వే తోలుకొచ్చినావా?" అన్నారు గోడతోనే. ముద్ద మాటే కానీ ప్రతి అక్షరం నాకు గుచ్చుకుంది.

ఆ పూట వ్యాయామం లేదు. మర్నాడూ లేదు. ఊళ్లో ఆయన్ని తలుచుకునేవాళ్లు ఎవరూ లేరని, వచ్చినవాళ్లందరినీ నేను పోగేసి తెచ్చానని ఆయన నమ్మేశారు. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. రోగి మేలుకే కదా అనుకుని రోగికి తెలియకుండా ఏదైనా చేశామంటే, అది బయటపడ్డ రోజున మన మాటకి విలువ ఉండదు. చెయ్యి ఎందుకు ఎత్తమంటున్నామో ఆ చెయ్యి ఉన్న మనిషికి చెప్పాలి. అది మర్యాద ఒక్కటే కాదు, మన పనిలో సగం.

రెండో రోజు సాయంత్రం సిస్టరు దగ్గర తాళం తీసుకుని ఆ దిండు గలేబు తెచ్చి ఆయన మంచం మీద పెట్టాను. మొత్తం చెప్పాను. బోర్డు, ఉత్తరాలు దాచడం, నమస్కారాలు లెక్కపెట్టడం, మేస్త్రీ. ఎర్రయ్య మాత్రం తనంత తానే వచ్చాడని చెప్పాను. తప్పయిపోయిందన్నాను.

ఆయన ఆ గలేబు వైపు చూశారు. "ఇయ్యి కూడా నువ్వే రాయించినావేటి?" అన్నారు.

"పోస్టాఫీసు ముద్రలు చూడండి" అన్నాను.

నిజంగానే చూపించుకున్నారు. పైడమ్మ గారు ఐదో తరగతి చదువుకున్న మనిషి. కిటికీ దగ్గర వెలుతురులో ఒక్కొక్క కార్డూ తిప్పి ముద్ర కూడబలుక్కుని చదివింది. అనకాపల్లి. బొబ్బిలి. ఖరగ్‌పూర్. పలాస. తర్వాత కార్డులో ఉన్నది చదివింది. ఒకాయన పావురం రక్తంతో మర్దనా చేయించమని రాశాడు. ఇంకొకాయన ఫలానా కథలో ఓడ పేరు తప్పుగా పడిందని, కోలుకున్నాక దిద్దమని రాశాడు. బొబ్బిలి నుంచి ఒకావిడ రాసిన కార్డు పైడమ్మ గారు రెండుసార్లు చదివింది: "మీరు జవాబు రాయనక్కర్లేదు. మీరు ఉన్నారని తెలిస్తే మాకు చాలు."

సన్యాసిరావు గారు కార్డు వైపు చూస్తూ ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. చేతులు రెండూ ఎత్తి ఆ కార్డుకి నమస్కారం పెట్టారు.

"కార్డుకి దండవేటి?" అంది పైడమ్మ గారు.

"ఆవిడ ఇక్కడిదాకా రాలేదు కదే" అన్నారాయన. నావైపు తిరిగి, "మందనీసి సెప్తే మింగీవోడిని కాదేటమ్మా? దొంగతనం ఎందుకూ?" అన్నారు. "లెక్క రాసుకో. ఇయ్యాల ఇది ఒకటి."

ఆ గలేబులో ఎనభై పైగా ఉత్తరాలు ఉన్నాయి. వాటికి కొత్తవి తోడయ్యాయి. రోజుకి ఇరవై చొప్పున చదివించుకుని, ప్రతి ఉత్తరానికీ నమస్కారం పెట్టేవారు. పావురం రక్తం సంగతి రాసినాయనకి కూడా. మనుషులు వచ్చిన రోజున వాళ్లకి వేరే. ఇప్పుడు వచ్చినవాళ్లకి ఆయనే చెప్పేవారు: "నాను పెట్టినదాకా దించకండి. ఇది మా కసరత్తులమ్మ మందు."

దువ్వాడ స్టేషన్లో

నెల దాటాక చేతికర్రతో నడుస్తూ ఇంటికి వెళ్లారు. కాలు ఈడ్చినా, నడక నడకే. చెయ్యి మాత్రం తనంత తాను కదిలేది కాదు. పెన్ను పట్టడం ఇక కుదరకపోవచ్చని నేనే ఆయనకి చెప్పాను, దాచలేదు. పైడమ్మకి చెప్పి రాయిస్తానన్నారు. ఆవిడకి ఒత్తులు రావని బెంగ పెట్టుకోలేదు. రోజూ నమస్కారాలు మానొద్దని మాత్రం ఒట్టు వేయించుకున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు చూడలేదు. ఇంటికి వెళ్లినవాళ్లు చాలామంది పది రోజులు చేసి మానేస్తారు. మానేసి ఉంటారనే అనుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం దువ్వాడ స్టేషన్లో రైలు దిగి మెట్లవైపు నడుస్తున్నాను. ప్లాట్‌ఫారం మీద ఎదురుగా సన్యాసిరావు గారు, పక్కన పైడమ్మ గారు. ఎర్రయ్య ఊళ్లో పెళ్లికి వచ్చారట. ఆయన ఎడమ చెయ్యి కర్ర మీద ఉంది. ఆవిడ రెండు చేతుల్లోనూ సంచులు.

నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. నేను చేతులు జోడించాను. ఆయన కూడా పెట్టారు. వెంటనే తప్పు చేసినవాడిలా కంగారుపడిపోయారు.

"మన్నించమ్మా. కర్ర పట్టుకునున్నాను కదా, ఒంటి సేత్తో పెట్టీసినాను. ఉండు, సరిగ్గా పెడతాను" అంటూ కర్ర పెట్టడానికి పక్కనున్న బెంచీ కోసం చూశారు.

నేను చేతులు దించకుండా అలా నిలబడిపోయాను.

"ఏటమ్మా అలాగుండిపోనావు?" అన్నారు.

"ఏ చేత్తో పెట్టారో చూసుకోండి" అన్నాను.

ఆయన తల దించి చూసుకున్నారు. ఎడమ చెయ్యి కర్ర మీదే ఉంది. కుడి చెయ్యి ఛాతీ ఎదుట నిలబడి ఉంది, వేళ్లు కొంచెం వణుకుతూ.

కాసేపు దాన్నే చూస్తూ ఉండి, భార్య వైపు తిరిగారు.

"ఎవులెత్తినారే దీన్ని?"

"నానెత్తలేదు" అంది పైడమ్మ గారు, రెండు సంచులూ ఎత్తి చూపిస్తూ.